చూసిన

పోయిన ఎండాకాలం
సిరొంచ అవతల తునికాకు కల్లంకాడ
నా రేకుపెట్టె నిండా జనం ఉండె.
నూట నలభై ముగ్గురి ఆధార్ జిరాక్సులు,
బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు,
ఫోటోల వెనక ఫోన్ నంబర్లు.
ఇన్ని ఎవరడిగిన్రు? ఎవరూ అడగలే.
"ఉంటే మంచిదే గద" అన్నడు సేటు.
నేను సుతిలి కట్టి దాచిన.

ఆకు కట్టకు లెక్కుంటది, యాభై.
యాభై ఒకటో ఆకు ఎవరూ కట్టరు.
కాగితాలకు ఆ లెక్క పెట్టుకోలే నేను.

మొదటి వానకు
గుడిసె తడిక ఎవరో తీసిన్రు.
ఆకు బస్తాలు ముట్టలే,
తరాజు ముట్టలే,
పెట్టె ఒక్కటే పోయింది.
నవ్వుకున్నం,
కాగితాలు పొయ్యిల పెట్టుకుంటడా అని.

దసరా దాటినంక
తలాండి పెంటమ్మ వచ్చింది,
చేతిల మరాఠీ నోటీసు.
చదివిన. నోరెండింది.
నాందేడ్‌ల ఆమె బండి కొన్నదట,
కిస్తీలు కట్టలేదట.

ప్రాణహిత దాటి ఒక్కసారి పోయింది పెంటమ్మ,
అదీ మొక్కు తీర్చ.
రేషన్ మిషన్ మీద ఆమె బొటనవేలు పడదు,
ముప్పై ఏండ్లు ఆకు కోసి కోసి
గీతలు అరిగినయ్.
బియ్యానికి ఆమె ఆమె కాదు.
అప్పుకు ఆమే.

"బండి ఏం రంగు?" అని అడిగింది.
నోటీసుల ఆ ముచ్చట లేదు.

ఈ ఏడు సేటు కొత్త పెట్టె తెచ్చిండు,
పిడికిలంత తాళం, రెండు చెవులు.
నేను చెవులు ఆయనకే ఇచ్చిన.

ఇప్పుడు ఎవరి కార్డు వాళ్ల చేతిలనే.
చూస్త, మొహం చూస్త,
పుస్తకంల ఒక్క మాట రాస్త: చూసిన.
పక్కన కట్టల లెక్క.
ఖాతా నంబరు వేరే కాయితం మీద,
పైసలు పడ్డనాడు
వాళ్ల కండ్లముందే అది చాయపొయ్యిల.
"రేపు ఎవరన్న అడిగితే?" అంటడు సేటు.
"వాళ్లనే అడగమను,
ఇంటికాడనే ఉన్నరు గద."

పెట్టెల నా సద్దిగిన్నె ఉంది,
ఇంత పచ్చడి.
తాళం వెయ్య.

పెంటమ్మకు నోటీసులు ఇంకా వస్తున్నయ్.
నిన్న పొద్దుగూకంగ ఆకు మోసుకొచ్చి దించింది,
కార్డు తియ్యలే.
కొంగు ముడి మీద చెయ్యేసి పట్టుకుని
"నన్ను చూడు" అంది.

కందిలి ఎత్తి
చూసిన.
రాసిన.