దీపాల గది

జోంగుల్దాక్ బొగ్గు గని నోటి దగ్గర
దీపాల గది నాది.
దీపం ఇస్తాను, సిగరెట్లు తీసుకుంటాను.
దిగే ప్రతివాడి జేబూ తడిమి
పెట్టె, లైటరు, విరిగిన అగ్గిపుల్లయినా సరే
అతని నంబరున్న రేకు అరలో పెట్టి తాళం వేస్తాను.
కింద గ్యాసు. ఒక్క నిప్పురవ్వ చాలు.
ఇరవై రెండేళ్లుగా ఇదే కొలువు.

ఎనిమిది గంటలు అంత లోతున
సిగరెట్టు గుర్తొచ్చి ఒక్కడూ చావలేదు.
చేతులు వణకవు, చిరాకు రాదు,
నెజ్దెత్ అయితే అక్కడ పాటలు కూడా పాడతాడట.
పైకొచ్చి, బోను తలుపు కిర్రుమనడం ఆలస్యం
అందరి నాలుకా ఒక్కసారే ఎండిపోతుంది.
మరి ఆ దాహం ఒంట్లో ఉందా,
తలుపులో ఉందా?

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుల్తెన్ చెప్పింది:
నాలుగు రోజులు ఓర్చుకో, రక్తంలోంచి పోతుంది.
ఆమె అబద్ధమాడలేదు. పోయింది.
రక్తంలోంచి పోయింది గానీ
టీ గ్లాసు అంచు మీంచి పోలేదు,
వాన వెలిసిన రేవు వాసనలోంచి పోలేదు,
చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య
ఆ పసుపుపచ్చ సందులోంచి అసలే పోలేదు.

ఇంట్లో సెవీమ్‌తో మాటా మాటా పెరిగినప్పుడు
లేచి బాల్కనీలోకి వెళ్లేవాణ్ణి.
అది పారిపోవడం కాదు, సిగరెట్టు.
ఇప్పుడు ఎక్కడికి వెళ్లను?
కూర్చుని ఆమె చెప్పేదంతా వింటున్నాను,
చాలావరకు నిజమే చెబుతోంది.

గోడవార బెంచీ మీద ఇస్మెత్ కూర్చుంటాడు,
తమ్ముణ్ణి లోపలే పోగొట్టుకున్నవాడు.
‘ఎలా ఉన్నావు’ అని అతన్ని ఎవడడుగుతాడు?
నిప్పుందా అని అడిగేవాణ్ణి.
ఉంది అనేవాడు.
పదేళ్ల మా స్నేహం ఆ రెండు మాటలే.
ఇప్పుడు ఏమడిగి పక్కన కూర్చోను?

దమ్ముంటే మానెయ్ అంటాడు బావమరిది.
దమ్ము లేకనేగా దమ్ము లాగేది.
పొమ్మనలేక పొగబెట్టినట్టు
నా ఒంట్లోంచి నన్ను నేనే
ఇన్నేళ్లుగా మర్యాదగా సాగనంపుతున్నాను.
తెలుసు. తెలియక కాదు.
తెలిసినవన్నీ మానగలిగితే
ఈ ఊళ్లో గనిలోకి ఎవడు దిగుతాడు?

పందొమ్మిదో రోజు, రాత్రి షిఫ్టు.
నడుముకి తాళాల గుత్తి,
గోడ నిండా రెండొందల పెట్టెలు
రేకు వెనక గుసగుసలాడుతున్నట్టు.
ఎనభై ఏడో అర తెరిచాను.
వాసన చూద్దామనే, ఒట్టు.

తెల్లవారి నెజ్దెత్ పెట్టె తెరిచి లెక్కపెట్టుకున్నాడు.
నా మొహం చూశాడు.
బొగ్గు పూసిన మొహంలో కళ్లు మాత్రమే తెల్లగా.
ఏమీ అనలేదు.
తిట్టి ఉంటే బాగుండేది,
ఆ కోపంతో ఒక నెల గడిపేవాణ్ణి.

ఇవాళ మళ్లీ ఒకటో రోజు.
కిందికి దిగుతూ అతనిచ్చిన పెట్టెలోంచి
ఒక సిగరెట్టు
వేలెడు బయటికి లాగి ఉంది,
చేతికందేట్టు, నా కోసం.
అర మూశాను. తాళం రెండుసార్లు తిప్పాను.
ఈ ప్రేమకి మందు
డాక్టరమ్మ చీటీలో రాయలేదు.

గంట మోగింది.
బోను పైకొస్తోంది.