కురిడీ జట్టు

రేపు మధ్యాహ్నం ప్రకటిస్తారట.
అందుకని అంబాజీపేట కాయల కొట్లో
ఈ రాత్రికే మేం తేల్చేయాలి.

లారీ ఇంకా రాలేదు.
డొక్కల గుట్ట మీద నలుగురు,
బస్తాల మీద ముగ్గురు,
కాటా పక్కన నేను.
చిట్టా పుస్తకంలో కాయల లెక్క ఆపి
వెనక పేజీలో
ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలేశాను.

ఓపెనర్ల దగ్గరే గొడవ.
నూకరాజు ఆ సిక్సర్ల కుర్రాణ్ణి రాయమంటాడు.
పెచ్చెట్టి అబ్బులు గునపం మీంచి చెయ్యి తియ్యకుండానే
"వాడు బొండం రా" అన్నాడు.
"ఇవాళ గొంతులో తీపి, రేపటికి పులుపు.
అయిదు రోజులాటకి కురిడీ కావాలి.
అటక మీద ఏడాది పడుండాలి,
కింద పొయ్యి పొగ, పైన పెంకుల వేడి.
నీళ్ళన్నీ తనలోకి తనే తాగేసి
ఊపితే లోపల గుండు టకటకమనాలి.
అలాంటోణ్ణి రాయి."

రాశాను. రాజ్‌కోట్ వాడు, ముప్ఫై రెండేళ్ళు.
నాలుగుసార్లు పిలిచి
నాలుగుసార్లు ఆడించకుండా పంపేశారు.

కీపరు దగ్గర పల్లాలమ్మ దూరింది,
చీరకంటిన పీచు దులుపుకుంటూ.
"అయిదు రోజులాడి ఎవరూ నెగ్గకపోతే
కూలిస్తారా?"
ఇస్తారన్నాం.
"మజ్జిలో అన్నాలకి వదుల్తారా?"
టీకి కూడా అన్నాం.
"అయితే నన్ను రాయండి."
కాసేపు మా కమిటీ పని చెయ్యలేదు.

పదిహేనో అంకె దగ్గరికొచ్చేసరికి
అందరం ఒకవైపే చూశాం.
దేవదానం బీడీ వెలిగించుకుంటున్నాడు.

ఎప్పుడో, మాలో సగం మంది పుట్టక ముందు,
ఎడం చేత్తో ముమ్మిడివరం ఇసక నేల మీద
బంతిని పాములా తిప్పాడట.
విశాఖ దాకా వెళ్ళాడు.
ముప్ఫై మందిని ఎండలో నిలబెట్టి
పదహారు పేర్లు చదివి
కాగితం మడిచేశారు.
ఆ మడత చప్పుడు గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు,
మాకెలా తెలుసో తెలీదు.

అందుకే మాదొక ఆచారం:
ఏ సిరీస్‌కైనా పదిహేనో పేరు నేలపూడి దేవదానం.
నేను రాసేస్తాను, ఆయన నవ్వేస్తాడు.

ఈసారి లేచొచ్చాడు.
పుస్తకం లాక్కుని బల్బు కిందకి వంచి
వరసంతా చదివాడు.
"ఎక్కడ ఆట?"
న్యూజిలాండు.
"అక్కడ పిచ్ మీద నారుమడంత పచ్చిక.
చలికి బంతి వేలికి అంటదు.
రెండో స్పిన్నరు దేనికి, మంచినీళ్ళు మొయ్యడానికా?"
నా జేబులో పెన్ను తీసి
తన పేరు మీద ఒక్క గీత గీశాడు,
తూకం తగ్గిన బస్తాకి గీసినట్టు.
పక్కన రాశాడు: పంజాబు వాడు. పొడుగు. బౌన్సుంటుంది.

గునపం ఆగింది.

"కారణం చెప్పి తియ్యాల్రా" అన్నాడు,
"ఎవణ్ణైనా."

లారీ లైట్లు డొక్కల గుట్ట మీద పడ్డాయి.
పేజీ తిప్పేశాను, లెక్క మొదలు.
మొదటి బస్తా దగ్గర వంగుతూ
అడక్కుండానే అన్నాడు:
"చలికాలం వాళ్ళు మన దేశం వస్తారు కదా.
తిరిగే నేలలు.
అప్పుడు చూద్దాం."

బస్తాలోంచి జారిన కాయొకటి
ఎడం చేతిలోకి తీసుకుని
మూడు కళ్ళూ పైకి పెట్టి
వేళ్ళతో ఒక్క మెలి తిప్పి
లారీ మీదికి వదిలాడు.

పైనున్నోడు పట్టుకోలేకపోయాడు.