ఏ పక్క కూకుంటాది

బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది.
లోపల నూటపధ్నాలుగు చెక్క స్ఫటికాలు,
టేకువి, అంచులరిగి
పిల్లల చేతి చెమటకు నల్లబడ్డవి.
ప్రాక్టికల్స్ రోజున బల్లల మీద పరిచి చెబుతాను:
ఇది చతుర్ముఖి, ఇది అష్టముఖి, ఇది ద్వాదశముఖి.
చతుర్ముఖి అనగానే వెనక బెంచీ నుంచి
"బ్రహ్మదేవుడు సార్!"
ప్రతి ఏడూ ఎవడో ఒకడు.
ప్రతి ఏడూ నవ్వుతాను.

ముఖమంటే ముఖమే అనుకున్నాను అన్నాళ్లూ.
చూసేదీ, చూపించేదీ,
పొద్దున్నే పౌడరు రాసుకునేదీ.

ఒక శనివారం
చినవాల్తేరు ఉప్పుగాలి కిటికీ రెక్కల్ని కొడుతుంటే
నూకరత్నం బల్లలు తుడుస్తోంది.
ఒక్కో చెక్కనూ ఎత్తి, కింద తుడిచి,
తిరిగి పెట్టబోయి ఆగింది.
చేతిలో ద్వాదశముఖి.
"ఇది ఏ పక్క కూకుంటాది మాస్టారూ?"
ఏ పక్కైనా, అన్నాను.
"అలగైతే దీనికి పన్నెండు పీటలన్నమాట.
మా ఇంటిల్లిపాదికీ రెండే."

ఆ రాత్రి పాత నిఘంటువు దులిపాను.
హెడ్రా. గ్రీకు మాట.
ముఖం కాదు.
ఆసనం. పీట. కూర్చునే చోటు.
ఏ పక్క నేలకానితే
వస్తువు దొర్లకుండా ఉంటుందో
ఆ పక్క.
తెలుగులోకి తెచ్చినవాళ్లెవరో
పీట లాగేసి
మొహాన్ని కూర్చోబెట్టారు.

సోమవారం పాఠం మార్చాను.
ముఖాలు లెక్కపెట్టకండి, బల్ల మీద పెట్టి చూడండి,
ఎన్ని రకాలుగా కూర్చుంటుందో.
గోలీ కూర్చోదు, దానికి పీట లేదు.
హేమసుందరి ఒక వాలు స్ఫటికాన్ని
దాని సన్నటి పక్క మీద నిలబెట్టింది. పడింది.
మళ్లీ పెట్టింది. పడింది.
"నిలవనివ్వని ముఖం కూడా ముఖమేనా సార్?"
నాకు జవాబు తట్టలేదు.
వెనక బెంచీవాడికి తట్టింది:
"ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో
రుమాలేసిన సీటే అది.
ఉంటుంది. కూర్చోలేం."

సాయంత్రం లాసన్స్ బేలో
అల వెనక్కి తగ్గాక
ఇసుక మీద ఎర్రటి చార మిగిలింది. గార్నెట్.
వెనక కొండల రాతిలో ఉన్నప్పుడు
ఒక్కో రవ్వకూ పన్నెండేసి పీటలుండేవేమో.
వాన ఒకటి, వాగు ఒకటి,
మిగతావన్నీ సముద్రం.
లెన్సు పెట్టి చూశాను.
అన్నీ గుండ్రం.
ఒక్కదానికి మాత్రం ఒక పక్క ఇంకా మెరుస్తోంది,
గోరంత కూడా కాదు,
గోటి మీద మచ్చంత.

మా ల్యాబులో ఇరవై నాలుగు స్టూళ్లున్నాయి.
పందొమ్మిదేళ్లుగా నూకరత్నం
బీరువా పక్క గచ్చు మీదే
గంజన్నం డబ్బా మూత తీస్తుంది.
నేను చూశాను. చూస్తూనే ఉన్నాను.
మర్నాడు ఒక స్టూలు జరిపి
కూర్చో, అన్నాను.
స్టూలును చూసింది,
నన్ను చూసింది,
ఆవకాయ వేలు నాక్కుంటూ నవ్వింది.
"ఒద్దండి బాబూ, అలవాటు లేదు.
దొర్లిపోతాను."