మూడో పూత

వార్డోలో ఇరవై ఆరేళ్ళుగా
గోడలకు తెలుపు వేస్తున్నాను.
పాల తెలుపు, గుడ్డు తెలుపు, నిన్నటి మంచు తెలుపు.
డబ్బాల మీద పేర్లు వేరు గానీ
బ్రష్షు కడిగితే సింకులోకి పోయేవి ఒకటే నీళ్ళు.
రెండు నెలలు పొద్దు పొడవని ఊరు మాది.
ఉన్న కాస్త వెలుతురూ గోడలు తాగేయకూడదని
ఎవరు పెట్టారో తెలియదు, అందరం పాటించే నియమం.

నవంబరులో బోర్గిల్డ్ ఫోను చేసింది.
డెబ్బై ఒక్కేళ్ళు. చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్ళు:
తెల్ల కోటు, తెల్ల టోపీ, తెల్ల పలకల గోడ,
కత్తి కింద తెల్లటి కాడ్ చేప మాంసం.
"హాలు పైకప్పు ఎర్రగా కావాలి" అంది.
ఏ ఎరుపు? అన్నాను షేడ్ కార్డు తీస్తూ.
కార్డు వైపు చూడనైనా లేదు.
నోరు బార్లా తెరిచి వేలితో చూపించింది.
"ఇదిగో, ఈ లోపలిది."

పైకప్పుకా?
"పైకప్పుకే. గోడల మీదికి మూరెడు దిగాలి,
చిగుళ్ళు దిగినట్టు."
అంతటితో అయిందా? స్నానాల తొట్టిని
మేడ మీది ఇరుకు గదిలోంచి దింపి
హాల్లో, సముద్రం వైపు కిటికీ ముందు పెట్టాలట.
పడవల వాళ్ళకి కనబడతావు కదా, అన్నాను.
"వాళ్ళు పట్టుకొచ్చినవన్నీ ముప్పై ఎనిమిదేళ్ళు నేను చూశాను.
ఒక్కసారి నన్ను చూస్తే వాళ్ళ కళ్ళేం పోవు."

కోడలు తున్యె వచ్చింది.
బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి
తలెత్తింది. చాలాసేపు దించలేదు.
"రేపు అమ్మాలంటే ఎవరు కొంటారు, బోర్గిల్డ్?"
"అమ్మేనాటికి నేనుండను కదమ్మా.
ఎవడో కొనేవాడి కోసం ఇప్పట్నుంచే ఒదిగి కూర్చోనా,
నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టు?"

నిజం చెప్పాలంటే మొదటి పూత ఘోరం.
మేడ మీద ఎవరినో పొడిచినట్టు
మరకలు మరకలుగా కిందికి చూసింది.
నిచ్చెన మీద మెడ పట్టేసి
షేడ్ కార్డు కనిపెట్టిన వాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.
రెండో పూతకి బీట్‌రూట్ సూపు.
"ఇప్పటికైనా మించిపోయింది లేదు, మళ్ళీ తెల్లగా..."
ఆవిడ కాఫీ అందించింది.
మాట అందించలేదు.

మూడోది ఆరిన రాత్రి
నీళ్ళు లేని తొట్టిలో, కోటుతో సహా
దిగి కూర్చుంది బోర్గిల్డ్.
నేను నేల మీద, తొట్టికి వీపు ఆనించి.
హీటరు అదే, గోడ మీద ఉష్ణోగ్రత అదే.
అయినా స్వెట్టరు విప్పాను.
గది మమ్మల్ని మింగలేదు, పుక్కిట పట్టుకుంది.
కిటికీ అవతల ఒక ట్రాలరు మలుపు తిరిగి
దాని దీపం పైకప్పు మీదుగా జారినప్పుడు
ఆ ఎరుపు కదిలింది,
మాట బయటికి రాకముందు
నాలుక కదిలినట్టు.
ఇద్దరం ఆగాం, వింటామేమోనని.
"చూశావా" అంది చివరికి. అంతే.

మిగిలిన అర డబ్బా నాకే ఇచ్చింది.
మా ఇంట్లో నాలుగు గదులు, నాలుగూ నేను వేసిన తెలుపే.
వారం పాటు బ్రష్షు పట్టుకుని గది గదికీ తిరిగాను,
తాళంచెవి పోగొట్టుకున్న వాడిలా.
ఆఖరికి వంటింట్లో కప్పుల అల్మారా
లోపలి వైపు మాత్రం వేశాను.
తలుపు వేస్తే ఎవరికీ తెలియదు.
పొద్దున్నే కాఫీకి కప్పు తీసినప్పుడు
ఒక్క క్షణం నా వైపు నోరు తెరుస్తుంది.

ఇవాళ మరలు విప్పి
ఆ తలుపునే ఊడదీశాను. గోడకి ఆనించి ఉంది.
మళ్ళీ బిగిస్తానేమో, చెప్పలేను.
మరలు నాలుగూ జేబులోనే ఉన్నాయి.