రూపాయి పక్కన చక్రం

కొర్లగుంట మేడమీద, పదిన్నర ఎండలో,
ఆరేసిన చీరలు ఒక పక్కకి జరిపి
చక్రాల ఫొటోలు తీస్తాను.
ట్యూబ్‌లైటు కింద తీస్తే నల్లది నీలమైపోతాది.
బొమ్మ లారీలకు వేసే రబ్బరు చక్రాలు,
వేలిగోరంత హెడ్‌లైట్లు, చీపురుపుల్లంత ఇరుసులు.
నా అంగడికి గడప లేదు, గల్లాపెట్టె లేదు.
ఫోనులో తెరుచుకుంటాది.

తాకి చూడలేని సరుకు కదా,
అందుకని ప్రతి చక్రం పక్కన ఒక రూపాయి పెడతాను.
దాన్ని చూసి కొలుచుకుంటారు అందరూ.
మొదటి ఆర్డరు పలమనేరు చెంగల్రాయులుది.
"అక్కా, రూపాయి కూడా వస్తాదా?" అని అడిగినాడు.
నవ్వొచ్చి, ఆ రూపాయినే పొట్లంలో వేసి పంపినాను.

మరిది మునిశేఖర్‌కి నా బేరం నచ్చదు.
అయిపోయిన సరుకు కింద "లేదు" అని రాస్తానా,
"త్వరలో అని రాయొదినా, లేదంటే ఎవరొస్తారు" అంటాడు.
పోస్టు ఖర్చు ధర పక్కనే వేస్తానా,
"చివర్లో చూపించు, అప్పటికి మనసు పడుంటారు" అంటాడు.
మనసు పడినోళ్ల దగ్గర లాగేది బేరమా?

బేరింగుని కొందరు గుండు అంటారు,
కొందరు గోళీ.
చిత్తూరు నుంచి ఒకాయన "తిరిగేది" అని వెతికినాడు.
మూడు పేర్లూ ఎక్కించినాను.
పేరు తెలీనోడు తలొంచుకుని వెనక్కి పోకూడదు
నా అంగట్లోంచి.

ఇంత చేసినా ఒకనాడు పొద్దున్నే ఫోను.
సంగటి చెయ్యి కడుక్కుని తీసినాను.
చెంగల్రాయులే.
"చక్రాలు చిన్నవొచ్చినాయక్కా. లారీ కుంటతా ఉండాది."
లేదబ్బయ్యా, ఫొటోలో ఉన్నవే పంపినాను అన్నాను.
కాసేపు ఊరుకున్నాడు.
"ఫొటోలో రూపాయి చిన్నది" అన్నాడు.

లేచిపోయి చూసుకున్నాను.
పాత రూపాయి ఆయనకి పంపేసినాక
చిల్లరలో చేతికొచ్చింది పెట్టేసినాను. కొత్తది.
అడ్డంగా గోరంచు తక్కువ.
ఆయనేమో నేను పంపిన పాతది బల్లమీద పెట్టుకుని
దాని పక్కన చక్రాన్ని ఊహించుకున్నాడు.
అబద్ధం ఒక్కటీ రాయలేదు నేను.
ఆయన లారీ మాత్రం కుంటింది.

తప్పు నాది అనడానికి రెండు నిమిషాలు పట్టింది.
మునిశేఖర్ పక్కనుంటే ఇంకా పట్టేది.
పెద్దవి పంపినాను, చిన్నవి ఉంచుకోమన్నాను.
ఆ పూటే మా బిడ్డ పలకసంచిలో స్కేలు తీసుకుని
నూటా పద్నాలుగు ఫొటోలు మళ్లీ మొదలుపెట్టినాను,
ప్రతిదాని కింద మిల్లీమీటర్లు రాస్తా.
చీరలు సాయంత్రం దాకా ఆ పక్కనే ఉండిపోయినాయి.

తొమ్మిదో రోజు పలమనేరు నుంచి పార్సిలు.
ఉంచుకోమన్న చిన్న చక్రాలు నాలుగూ,
దూదిలో చుట్టిన పాత రూపాయీ.
చీటీ మీద పెన్సిలు రాత:
"స్కేలు మంచిదే అక్కా. కానీ చూస్తే బడి మాదిరి ఉండాది.
ఇది కూడా పెట్టు."

పెట్టినాను.
ఎడమ పక్కన స్కేలు, కుడి పక్కన ఆ రూపాయి,
నడుమ
ఎంతుందో అంతే చక్రం.