పద్దు పడిందా?

కెరిచో కొండల మీద మధ్యాహ్నం దాటితే వాన పడుతుంది.
అది పడేలోగా ఆకు తూకం అయిపోవాలి.
రేకుల షెడ్డు కింద, కొక్కేనికి వేలాడే కాటా,
దాని పక్కన అరచేతంత పెట్టె,
ఆ పెట్టెలో నేను రాసిన ప్రోగ్రాం,
ప్రోగ్రాం కడుపులో ఓ చిన్న డేటాబేస్.
దానికి సర్వర్ లేదు, కాపలా లేదు,
ఒక్క ఫైలే దాని ఇల్లూ వాకిలీ.

నైరోబీలో నా బల్ల మీద బాగానే నడిచింది.
ఇక్కడికొచ్చాక క్యూ కదలడం లేదని కబురు.
బుట్ట బుట్టకీ కమిట్ చేయమంటే
చవకరకం మెమరీ కార్డు
ముప్పావు సెకను గుటకలు మింగుతోందట.
నేను తెలివైనదాన్ని కదా,
యాభై తూకాలు ఒక మూటగా కట్టి
ఆ మూటకొక్క కమిట్ అన్నాను.
క్యూ పరుగెత్తింది.
మా ఆఫీసులో కేకు కోశారు.

జూన్ నెల, గురువారం.
ముప్పై ఏడో బుట్ట కొక్కేనికి ఉండగా
బ్యాటరీ చచ్చిపోయింది.

డేటాబేస్ తప్పేమీ లేదు.
ఈ మాట ముందే చెప్పాలి,
ఎందుకంటే వారం రోజులు నేను దాని మీదికే నెట్టాను.
కొత్త బ్యాటరీ వేయగానే అది లేచి కూర్చుంది,
జర్నల్ తెరిచి చూసుకుంది,
మొదలుపెట్టి ముగించని పని ఒకటి కనబడింది.
అయితే అంతా, లేదంటే అసలేమీ కాదు.
దానికి తెలిసిన నీతి అదొక్కటే.
ముప్పై ఆరు తూకాలూ తుడిచేసి
పొద్దున ఎలా ఉందో అలా
కడిగిన పళ్ళెంలా నిలబడింది.

ఆకు మాత్రం వెనక్కి రాలేదు.
అప్పటికే లారీ ఎక్కి, ఫ్యాక్టరీలో వాడి, నలిగి
రంగు మారిపోయింది.
కొమ్మకు తిరిగి అతుక్కోవడం దానికి చేతకాదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి గుమస్తా కిముతాయి
గుర్తున్నంత వరకు ముంజేతి మీద
పెన్నుతో గిలికిన అంకెలు చూపించాడు.
సగం వానకు కారిపోయాయి.
పద్నాలుగా, పంతొమ్మిదా?
ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెప్పుకున్నారు.
ఒకావిడ రెండు కిలోలు ఎక్కువ చెప్పింది.
అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు.
చెలాంగాట్ మూడు తక్కువ చెప్పింది, భయానికి.
చివర తాప్రాండిచ్ అనే ముసలావిడ
లేసో గుడ్డ ముడి విప్పి
మొక్కజొన్న గింజలు బల్ల మీద పోసింది.
ఇరవై మూడు. కిలోకొకటి.
"మీ పెట్టెలో పడిందో లేదో
నాకు కనబడదు కదమ్మా" అంది.
గింజలు రెండుసార్లు లెక్కపెట్టాను.
ఒకటి కిందికి దొర్లితే
మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను.

ఆ రాత్రి లాడ్జిలో, దోమతెర కింద
యాభై కొట్టేసి ఒకటి అని రాశాను.
మార్పుకు కారణం రాయమనే చోట
"నెమ్మదిగా నడవాలి" అని రాశాను.

ఇప్పుడు క్యూ మళ్ళీ నత్తనడకే.
ఆ ముప్పావు సెకనులో
అంకె కార్డు లోపలికి దిగి, గట్టిపడి,
బ్యాటరీ ఊడినా ఊడనిదవుతుంది.
పైకి చూస్తే ఏమీ జరగదు.
వెనకవాళ్ళు విసుక్కుంటారు,
లారీ డ్రైవరు హారన్ కొడతాడు,
కొండ మీద మబ్బు దిగుతుంది.

తాప్రాండిచ్ బుట్ట దించనివ్వదు.
"పడిందా?"
కిముతాయి తెర వైపు చూస్తాడు.
"ఉండమ్మా."
బీప్.
"పడింది."
అప్పుడు దించనిస్తుంది.
అయినా ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ
లేసో ముడిలోకి గింజలు వేసుకుంటూనే ఉంటుంది.