తాగిన బొగ్గు

బోరు పడ్డ రోజు ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది.
నూట ఎనభై అడుగుల లోతు, వేసవిలోనూ చల్లన,
నీటిలో నలుసంత మచ్చ లేదు.
ఆ మచ్చ పిల్లల పళ్ళ మీద తేలడానికి
ఏడేళ్ళు పట్టింది.

రేగడివలస హైస్కూలు లేబులో
గాజు గొట్టాలు కడిగేవాణ్ణి నేను.
ఓ సాయంత్రం తవిటమ్మ బిందె దింపింది.
"అసిరయ్యా, నీ రంగుసుక్క ఓపాలి ఎయ్యి, సూద్దుం."
మంచి నీటిలో గులాబీగా నిలిచే చుక్క
మా నీటిలో పాలిపోయి పసుపు తిరిగింది.
నోరు మూసుకున్నాను,
నా పళ్ళదీ అదే రంగు.

చీపురుపల్లి సంతలో ఆమెది చింతపండు బేరం.
గింజ తీసి, ఈనె తీసి
పెంకు వీధిలో పారబోసే చెయ్యి
మా సైన్సు మాస్టారి మాట విని
ఆ పెంకునే ఏరి పాత కుండలో కూరింది,
మూతికి మట్టి మెత్తి, పొగ ఊపిరాడకుండా కాల్చింది.
దంచింది. జల్లించింది.
నలుపు వదిలేదాకా కడిగి కడిగి వార్చింది.
చిల్లు కుండలో ఇసుక, ఇసుక మీద బొగ్గు,
బొగ్గు మీద మా బోరు నీరు.

"నమిల్తే పళ్ళు పులిసిపోయే సింత
పళ్ళని కాస్తాదేటి?"
గోడ అవతల నుంచి గౌరులమ్మ నవ్వింది.

మొదటి బిందె పసుపే.
రెండోసారి బొగ్గు రెట్టింపు, నీరు రాత్రంతా.
తెల్లారి గొట్టంలో
పూర్తి గులాబీ కాదు గానీ
కిళ్ళీ కొసరు నమిలిన పసిదాని పెదవంత ఎరుపు.
రంగుల పట్టీ పక్కన పెట్టి చూశాను,
ఒకటిన్నరకి ఇవతల,
వెంట్రుకవాసి.
గౌరులమ్మ చెంబు పట్టుకొచ్చింది.

పదకొండో రోజుకి మళ్ళీ పసుపు.
"బొగ్గు కడుపు నిండిపోనాది" అంది తవిటమ్మ,
"తాగినోడిని ఇప్పుడెక్కడ తొంగోబెడతావు?"
గట్టున పోస్తే వాన కడిగి నేలలోకి,
నేలలోంచి బోరులోకి.
మాస్టారూ తల గోక్కున్నారు.
లేబు బల్ల కింద తేదీలు రాసిన గోతాలు నాలుగు,
అయిదోది సగం.

ఆమె మనవరాలు యామినికి మూడేళ్ళు.
కుండ కింద గ్లాసు పెట్టి
చుక్కలు లెక్కపెడుతుంది, పది దాటితే మళ్ళీ ఒకటి.
నవ్వితే పాలపళ్ళు.
అసలు పళ్ళు ఇంకా చిగురు లోపలే ఉన్నాయి,
ఏ రంగులో రావాలో
ఇంకా తేల్చుకోకుండా.